అప్పు తెచ్చిన ‘బి’

మొన్న సాయంత్రం మావాడు బడి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఆరో తరగతి. ఇంగ్లీషు డిక్టేషనులో ఇరవైకి ఎనిమిది మార్కులు. అప్పు అనే అర్థంగల ‘డెట్’ అన్న మాటను డి-ఇ-టి-టి అని రాశాడట. మేష్టారు ఎర్రసిరాతో కొట్టేసి, క్లాసులో నిలబెట్టారు.

“నాన్నా, నేను మొద్దునా?” అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్.బి.నగర్‌లో ఉన్న మా అక్కయ్యగారింటికి బయలుదేరాం. తరువాతి స్టేషను చైతన్యపురి. బోర్డు చూడగానే వాడికి సందేహం వచ్చింది.

“ఇక్కడ సి-హెచ్ అంటే ‘చ’. స్కూలులో ‘క’. మెషీనులో ‘ష’. ఎందుకని?”

మా చిన్నప్పుడు ఇలా అడిగితే “అదంతే, బట్టీ పట్టు” అనేవారు. కాని అదంతే కాదు. స్కూలు గ్రీకు మాట, లాటిన్ మీదుగా వచ్చింది. చెయిర్, మెషీను రెండూ ఫ్రెంచి నుంచే వచ్చాయి. చెయిర్ వచ్చిన కాలంలో ఫ్రెంచివారూ ‘చ’ అనేవారు. మెషీను వచ్చేనాటికి అది ‘ష’ అయిపోయింది. ఎవరి మూట వారు తెచ్చుకుని అందరూ ఒకే సత్రంలో దిగారన్నమాట!

పైగా కాక్‌స్టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. క్రమంగా అచ్చులో స్పెల్లింగులు గట్టిపడ్డాయి. జనం నోటిలో ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. ‘నైట్’లో జి-హెచ్ ఒకనాడు పలికిన అక్షరాలే.

‘డెట్’ సంగతి మరీ తమాషా. పూర్వం దాన్ని డి-ఇ-టి-టి-ఇ అని రాసేవారు. తరువాత పండితులు, దీని మూలం లాటిన్‌లోని ‘డెబిటమ్’ కదా అని, మధ్యలో ‘బి’ని ఇరికించారు. అప్పు అనే మాటకే అక్షరం అప్పు తెచ్చారు, ఇంతవరకూ తీర్చలేదు! మావాడు రాసింది తప్పే, కాని మొద్దుతనం కాదు. ఓ ఐదారు వందల ఏళ్ళు ఆలస్యంగా పుట్టాడు, అంతే.

“మన తెలుగే నయం” అన్నాడు వాడు.

“చెట్టు, చాప అని పైకి అని చూడు. అక్షరం ఒకటే, పలుకు రెండు.”

రెండుసార్లు అనుకుని పకపక నవ్వాడు. వాడు నవ్వి నాలుగు రోజులైంది. పిల్లల తప్పులు దిద్దవలసిందే. దానితోపాటు ఆ తప్పు ఎందుకు వచ్చిందో కాస్త కథ చెబితే మన సొమ్మేం పోయింది?

ఎల్.బి.నగర్‌లో దిగుతుంటే వాడు నా చొక్కా పట్టి లాగాడు.

“నాన్నా, ‘డౌట్’లో కూడా ‘బి’ పలకదు. అదీ అప్పేనా?”

“అదీ అప్పేరా!” అన్నాను.