గాజుదారం పంచాయతీ దాకా, గాలిదారి పాలకేంద్రం దాకా

పాలు పోసిన సభ్యునికి బరువు, వెన్నశాతం, ధర ఉన్న చీటీ వెంటనే చేతికి రావాలి. నేడు చాలా కేంద్రాలలో ఆ లెక్క ఇంటర్నెట్ ద్వారా యూనియన్‌కు చేరుతున్నది. లైను లేని నాడు లెక్క నిలిచిపోతుంది, బిల్లు ఆలస్యమవుతుంది. కాబట్టి ఈ లైను మన ఊరికి ఎలా వస్తుందో సభ్యులు తెలుసుకొనుట మంచిది.

దూరపు ప్రయాణం ఆప్టికల్ ఫైబరుది. వెంట్రుకంత సన్నని గాజుదారంలో సమాచారం వెలుగు రూపంలో సాగుతుంది. గాజులోని మాలిన్యం తొలగిస్తే వెలుగును చాలా దూరం పంపవచ్చునని 1966లో చూపిన చార్లెస్ కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. నేటి మంచి ఫైబరులో కిలోమీటరుకు తగ్గే వెలుగు నూటికి 5 వంతుల లోపే. 15 కిలోమీటర్లు పోయినా సగం మిగులుతుంది. (ఎండలో అంత దూరం పోయిన క్యాను పాల సంగతి మనకు తెలిసినదే!)

గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగింది. అయితే పాలకేంద్రం తరచు ఊరి చివర ఉంటుంది. అంతవరకు కందకం తవ్వి తీగ వేయుట ఖర్చుతో కూడిన పని. అక్కడ వైర్‌లెస్ ఉపయోగపడుతుంది. ఫైబరు ఆగిన భవనం పైన ఒక చిన్న డిష్, మన కేంద్రం పైన మరొకటి అమర్చితే చాలు. ఇందుకు వాడే 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు 2018 నుండి విడిగా లైసెన్సు అక్కరలేదు.

ఈ రెండు డిష్‌లు ఒకదానికొకటి కనబడాలి. మధ్య చింతచెట్టు ఉంటే, ముఖ్యంగా ఆకులు తడిసిన వానరోజున, సిగ్నల్ తగ్గిపోతుంది. ఈనాటి వేపమొక్క కొన్నేళ్ళకు అడ్డు రాగలదు, కాబట్టి స్తంభం ఎత్తు ముందుచూపుతో నిర్ణయించాలి. ఎక్కువ వేగం గల ఖరీదైన ప్లాను మాత్రం, మా అభిప్రాయంలో, అవసరం లేదు. ఒక సభ్యుని పాల లెక్క కొన్ని వందల అక్షరాలే.

అసలు చిక్కు కరెంటుతో వస్తుంది. పాత టెలిఫోను తీగలో కరెంటు ఎక్స్ఛేంజి నుండే వచ్చేది. ఫైబరులో వచ్చేది వెలుగు మాత్రమే. పంచాయతీలోని పెట్టెకు, డిష్‌కు అక్కడే కరెంటు ఉండాలి. సాయంత్రం కార్యాలయం మూస్తూ ఎవరైనా మెయిన్ ఆపితే, తెల్లవారి 6 గంటలకు మన కేంద్రంలో జనరేటరు నడిచినా లైను రాదు. అక్కడి పెట్టెకు బ్యాటరీ ఎవరు పెడతారు, తాళం ఎవరి వద్ద ఉంటుంది అన్నవి చందా కట్టక ముందే పాలకవర్గం పంచాయతీతో మాట్లాడి తీర్మానంలో రాసుకోవాలి.

లైను లేనప్పుడు లెక్కను తనలో దాచుకొని, వచ్చాక పంపే ఏర్పాటు కంప్యూటరులో ఉన్నదో లేదో కార్యదర్శి చూడాలి. వైరు తీసివేసి ఒక పూట పాలు పోయించుకొని చూస్తే తెలిసిపోతుంది.