మరొక రుగ్మత చాటున దాగే చంచలత్వం

ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం, ఆలోచింపక తొందరపడడం వంటి లక్షణాలతో కూడిన రుగ్మతను వైద్యులు ఏ.డి.హెచ్.డి. అంటారు. ఇది బడిపిల్లల సమస్య మాత్రమేనని పలువురి భావన. వాస్తవానికి బాల్యంలో మొదలైన ఈ లక్షణాలు అనేకులలో పెద్ద వయసులోనూ కొనసాగుతాయి. అట్టివారిలో కొందరు మానసిక కుంగుబాటుకో, ఆందోళనకో, మద్యపానానికో, ఉన్మాద విషాదాలు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకో చికిత్స పొందుతూ ఉంటారు. పైకి కనిపించే జబ్బుకు మందు దొరుకుతుంది. దాని చాటున ఉన్నది మిగిలిపోతుంది. మందులు వాడినా మారలేదని, సోమరి అని ఇంటివారు నిందిస్తారు.

ఈ రెంటినీ వేరు చేసి చూపేది కాలం. కుంగుబాటు వల్ల కలిగే మతిమరుపు ఆ జబ్బుతో వచ్చి, సాధారణంగా దానితోనే తగ్గుతుంది. ఏ.డి.హెచ్.డి. పెద్దయ్యాక హఠాత్తుగా రాదు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ళకు ముందే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, పని వంటి వాటిలో కనీసం రెండుచోట్ల ఉండాలి. దీనిని తేల్చే రక్తపరీక్ష లేదు. రోగి చెప్పే వివరాలకు తోడు, బాల్యం ఎరిగిన తల్లో, అన్నో, అక్కో చెప్పే మాట వైద్యునికి ముఖ్యమైన ఆధారం.

సరిహద్దు పల్లెలలో ఇక్కడొక చిక్కు ఉంది. ఇంట తెలుగు, బడిలో కన్నడం. పిల్లవాడు పాఠం వినకపోతే భాష రాకనే అని సరిపెట్టుకుంటాము. భాష వల్ల కలిగిన వెనుకబాటు భాష అబ్బిన కొద్దీ తగ్గుతుంది. ఇంట తెలుగులో చెప్పిన పనిని కూడా సగంలో విడిచేవాడైతే, ఆ సంగతి ఇప్పుడైనా వైద్యునికి చెప్పాలి.

చికిత్సలో క్రమం ముఖ్యం. తీవ్రంగా ఉన్న రుగ్మతను సాధారణంగా ముందు అదుపు చేస్తారు. బైపోలార్ ఉన్నవారికి మనఃస్థితి కుదుటపడకముందే మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందు ఇస్తే ఉన్మాదం పెరిగే ప్రమాదం ఉంది. అందుచేత పాత మందుల చీటీలన్నీ చూపాలి. మద్యం అలవాటు ఉంటే దాచరాదు. సొంతంగా మందు మొదలుపెట్టరాదు, మానరాదు.

మానసిక వైద్యాన్ని పల్లెకు చేర్చవచ్చునని దేశానికి చూపినది బళ్ళారి జిల్లాయే. 1985 నుండి 1990 వరకు బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. 2022లో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులో గాని కన్నడంలో గాని మాట్లాడవచ్చును. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాత్రం రోగి బాల్యం తెలిసిన పెద్దలొకరు వెంట వెళ్ళడం మేలు.