మూత్రాశయ క్యాన్సర్, మరమ్మతు జన్యువులు: అపోహలు – వాస్తవాలు

1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు ఒక విషయం బయటపెట్టారు. ఫుక్సిన్ అనే ఎర్ర రంగు తయారుచేసే కార్మికుల్లో మూత్రాశయ కణితులు కనిపిస్తున్నాయని. రంగుల ఫ్యాక్టరీల్లో వాడే ఆరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు ఇందుకు కారణమని ఆ తర్వాతి దశాబ్దాల్లో తేలింది. అదే కోవకు చెందిన రసాయనాలు పొగాకు పొగలోనూ ఉన్నాయి. అవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో చేరతాయి. కిడ్నీలు వడగట్టాక మూత్రంలోకి దిగి, మూత్రాశయం లోపలి పొరను గంటల తరబడి తాకుతూ ఉంటాయి. పొగ పీల్చేది ఊపిరితిత్తులే అయినా క్యాన్సర్ మూత్రాశయానికి కూడా వచ్చేది అందుకే.

ఈ రసాయనాలు కణంలోని డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని పాడుచేస్తాయి. పాడైన భాగాన్ని కత్తిరించి తీసేసి, చిరిగిన బట్టకు మాసిక వేసినట్టు ఆ చోటును కొత్తగా పూడ్చే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంది. ఇలాంటి మరమ్మతు పద్ధతులు ఇంకా కొన్ని ఉన్నాయి. అన్నీ కలిపి ఈ పనిలో వందకు పైగా జన్యువులు పాలుపంచుకుంటాయి. వీటి గుట్టు విప్పినందుకే 2015లో టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజర్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. మరి తల్లిదండ్రుల నుంచి వచ్చిన మరమ్మతు జన్యువుల్లోనే తేడా ఉంటే మూత్రాశయ క్యాన్సర్ ముప్పు ఎంత పెరుగుతుంది? ఈ ప్రశ్న చుట్టూ అక్కర్లేని భయమూ ఉంది, అక్కర్లేని ధీమా కూడా ఉంది.

అపోహ 1: మరమ్మతు జన్యువులో తేడా ఉందని రిపోర్టు వచ్చిందంటే క్యాన్సర్ తప్పదు.

వాస్తవం: తేడాలన్నీ ఒకటి కావు. ఎక్స్‌పీసీ, ఈఆర్‌సీసీ2, ఎక్స్‌ఆర్‌సీసీ1, ఎన్‌బీఎన్ వంటి జన్యువుల్లో చాలామందిలో కనిపించే చిన్న చిన్న తేడాలు కొన్ని ఉన్నాయి. ఇవి జబ్బు తెచ్చే లోపాలు కావు. మనిషికీ మనిషికీ ముక్కు తీరు వేరుగా ఉన్నంత మామూలు విషయం. మొదట్లో కొద్దిమంది రోగులతో జరిగిన అధ్యయనాలు వీటి ప్రభావాన్ని పెద్దదిగా చూపాయి. తర్వాత అనేక దేశాల సమాచారాన్ని కలిపి వేలమంది మీద లెక్కగట్టేసరికి చాలా తేడాలకు ఏ సంబంధమూ నిలవలేదు. నిలిచిన కొన్నింటిలోనూ ముప్పు పెరిగింది సుమారు 10 నుంచి 20 శాతమే.

ఈ శాతాన్ని కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. వెయ్యిమందిలో పదిమందికి వచ్చే జబ్బు అనుకుందాం. ముప్పు 20 శాతం పెరిగితే ఆ పదిమంది పన్నెండుమంది అవుతారు. మిగిలిన 988 మందికి అదే తేడా ఉన్నా ఆ జబ్బు రాదు. కాబట్టి ఇలాంటి తేడా ఒక్కదాన్ని చూపించి భయపెట్టే రిపోర్టుకు విలువ తక్కువ.

రెండో రకం వేరు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో ఒక మరమ్మతు జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి పూర్తిగా పనిచేయకుండా పోతుంది. అలాంటి బలమైన లోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక ముందు చెప్పబోయేది ఎక్కువగా దీని గురించే.

అపోహ 2: కణితి పరీక్షలో మ్యుటేషన్ కనిపించింది, ఇక పిల్లలకూ వస్తుంది.

వాస్తవం: కణితి ముక్కలో కనిపించే మార్పుల్లో ఎక్కువ భాగం ఆ కణితిలో పుట్టినవే. జీవితకాలంలో పొగ వల్లో, వయసు వల్లో, రసాయనాల వల్లో మూత్రాశయ కణాల్లో ఏర్పడినవి. అండంలో గానీ వీర్యకణంలో గానీ అవి ఉండవు, కనుక పిల్లలకు చేరవు. ఉదాహరణకు కండరంలోకి పాకిన మూత్రాశయ కణితులు కొన్నింటిలో ఈఆర్‌సీసీ2 జన్యువు చెడిపోయి ఉంటుంది. అది వారసత్వం కాదు. పుట్టుకతో వచ్చిన లోపం ఉందో లేదో తేల్చాలంటే రక్తం లేదా లాలాజలం మీద విడిగా పరీక్ష చేయాలి. మీ చేతిలో ఉన్న రిపోర్టు ఈ రెండింటిలో ఏదో ముందు డాక్టరును అడగండి.

అపోహ 3: బీఆర్‌సీఏ ఆడవాళ్ల జన్యువు. మగవాళ్ల జబ్బుకు దానితో పనేంటి?

వాస్తవం: మూత్రాశయ క్యాన్సర్ ఆడవారికన్నా మగవారిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బీఆర్‌సీఏ అనగానే రొమ్ము క్యాన్సరే గుర్తుకొస్తుంది. కానీ బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 చేసే పని రెండు పోగులూ తెగిన డీఎన్‌ఏను అతకడం. ఆ పని ఆడ, మగ ఇద్దరి కణాల్లోనూ జరుగుతుంది. లోపం తండ్రి నుంచి వచ్చినా తల్లి నుంచి వచ్చినా ఒకటే. ఒక్కో బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం 2020లో ఒక అధ్యయనం ప్రచురించింది. మూత్రాశయం, మూత్రనాళాల క్యాన్సర్ ఉన్న 586 మంది రోగుల్లో సుమారు 14 శాతం మందికి పుట్టుకతో వచ్చిన హానికర లోపాలు కనిపించాయి. వాటిలో అధిక భాగం మరమ్మతు జన్యువుల్లోనివే. బీఆర్‌సీఏ2, ఎంఎస్‌హెచ్2, బీఆర్‌సీఏ1 ముందు వరసలో ఉన్నాయి. కుటుంబ చరిత్రను మాత్రమే నమ్ముకుని వెతికితే వీరిలో కొందరు దొరికేవారే కాదు.

అయితే రెండు హెచ్చరికలు. వీరంతా ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి చేరిన రోగులు, కనుక ఈ 14 శాతం లెక్కను ప్రతి రోగికీ వర్తింపజేయలేం. రోగిలో బీఆర్‌సీఏ లోపం దొరికినంత మాత్రాన అతని మూత్రాశయ క్యాన్సర్‌కు అదే కారణమని కూడా చెప్పలేం. అయినా ఆ సమాచారం వృథా పోదు. తాతగారి మూత్రాశయ పరీక్షలో బయటపడిన లోపం, మనవరాలు రొమ్ము పరీక్షలు ముందుగా మొదలుపెట్టడానికి దారి చూపవచ్చు.

అపోహ 4: లించ్ సిండ్రోమ్ పేగులకు సంబంధించిందే. మూత్రనాళాలకు రాదు.

వాస్తవం: డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 జన్యువుల్లో ఒకటి పుట్టుకతో చెడితే వచ్చేది లించ్ సిండ్రోమ్. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు ఇందులో ప్రధానం. వాటి తర్వాత గట్టిగా పట్టించుకోవాల్సింది మూత్రమార్గమే. ముఖ్యంగా కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టంలోనూ, దాని పై భాగంలోనూ కణితులు వస్తాయి. ఎంఎస్‌హెచ్2 లోపం ఉన్నవారిలో ఈ ముప్పు మిగిలినవారికన్నా ఎక్కువ, మూత్రాశయానికి కూడా.

అరవై ఏళ్లు నిండకుండానే మూత్రనాళంలో క్యాన్సర్ వచ్చినా, రోగికి గానీ తోబుట్టువులకు గానీ పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ ఉన్నా లించ్ గురించి తప్పక అడగాలి. లోపం తేలితే తోబుట్టువులు, పిల్లలు పరీక్ష చేయించుకోవచ్చు. లోపం ఉన్నవారు ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ చేయించుకుంటే పేగు క్యాన్సర్‌ను ముదరకముందే, చాలాసార్లు మొదలుకాకముందే ఆపవచ్చు.

అపోహ 5: మాది మేనరికం కాదు. జన్యులోపాల బెడద మాకుండదు.

వాస్తవం: తెలుగునాట జన్యుజబ్బు అనగానే మేనరికమే గుర్తొస్తుంది. కొన్ని జబ్బుల విషయంలో అది నిజం. ఉదాహరణకు జీరోడెర్మా పిగ్మెంటోసం. ఎండ తగిలితే చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వచ్చే అరుదైన జబ్బు ఇది. ఎక్స్‌పీసీ వంటి మరమ్మతు జన్యువు ప్రతులు రెండూ, అంటే తల్లి వైపుదీ తండ్రి వైపుదీ, చెడితేనే వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. కానీ లించ్‌కైనా బీఆర్‌సీఏ ముప్పుకైనా ఒక్క ప్రతి చెడితే చాలు. అది అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో ఒక్కరి ద్వారానే వస్తుంది. దంపతులకు ఏ బంధుత్వమూ లేకపోయినా పిల్లలకు చేరుతుంది.

అపోహ 6: జన్యువుల్లోనే రాసి ఉంటే పొగ మానేసి ఏం లాభం?

వాస్తవం: అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. అమెరికాలో లక్షలమందిని పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు సగానికి పొగ తాగడమే కారణం. పొగ తాగేవారికి ముప్పు దాదాపు నాలుగు రెట్లు. పైన చెప్పిన 10–20 శాతాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

2013లో మరో అధ్యయనం 12 జన్యు తేడాలను కలిపి, పొగతో పాటు లెక్కవేసింది. ఆ పన్నెండూ మరమ్మతు జన్యువులవి కావు, కానీ నేర్పే పాఠం అదే. జన్యుపరంగా ముప్పు తక్కువగా ఉన్న వర్గంలోని లక్షమంది అమెరికా మగవారు పొగకు దూరమైతే ముప్పై ఏళ్లలో సుమారు 2,000 క్యాన్సర్లు తప్పుతాయి. ముప్పు ఎక్కువ ఉన్న వర్గంలో తప్పేవి సుమారు 8,200. అంటే జన్యువులు బలహీనంగా ఉన్నవారికే పొగ మానడం వల్ల ఎక్కువ లాభం.

దీని రెండో కొసను కూడా చూడాలి. మంచి జన్యువులు ఉన్నాయని ధీమా పడకూడదు. రంగుల పరిశ్రమలో 2-నాఫ్థైలమీన్‌తో ఏళ్ల తరబడి నేరుగా పనిచేసిన బ్రిటిష్ కార్మికుల ఒక చిన్న బృందంలో దాదాపు అందరికీ ఈ క్యాన్సర్ వచ్చింది. విషం మోతాదు మించితే ఎవరి మరమ్మతూ చాలదు. బీడీ, చుట్ట అయితే ఫరవాలేదన్న మాటా చెల్లదు. కాలే పొగాకు ఏదైనా ఈ రసాయనాలను ఇస్తుంది.

అపోహ 7: మరమ్మతు లోపం ఉంటే చికిత్స కూడా పనిచేయదు.

వాస్తవం: చాలాసార్లు దీనికి భిన్నంగా జరుగుతుంది. సిస్‌ప్లాటిన్ మందు క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను దెబ్బతీసి చంపుతుంది. ఆ దెబ్బను సరిచేసుకునే శక్తి కణితికి లేకపోతే మందు బాగా పనిచేస్తుంది. ఈఆర్‌సీసీ2 చెడిన కణితుల్లో పరిశోధకులు ఇదే చూశారు. లించ్ తరహా లోపమున్న కణితులను రోగనిరోధక వ్యవస్థ తేలిగ్గా గుర్తుపడుతుంది. అందుకే అలాంటి కణితి ముదిరితే, అది ఏ అవయవంలో ఉన్నా, ఆ వ్యవస్థను పురికొల్పే పెంబ్రోలిజుమాబ్ మందు వాడేందుకు 2017లో అమెరికా అనుమతించింది.

అపోహ 8: జన్యు పరీక్షలో ఏమీ లేదు. మూత్రం ఎర్రగా వచ్చిందంటే వేడి చేసి ఉంటుంది.

వాస్తవం: ఈ క్యాన్సర్ రోగుల్లో అత్యధికులకు బలమైన వారసత్వ లోపమేదీ ఉండదు. పరీక్షలో ఏమీ రాలేదంటే పరీక్షించిన జన్యువుల్లో తెలిసిన లోపం లేదని మాత్రమే అర్థం. కొన్నిసార్లు 'ప్రాముఖ్యత తేలని మార్పు' అని రిపోర్టు వస్తుంది. దాన్ని పట్టుకుని ఆపరేషన్లు, పెళ్లిళ్లు నిర్ణయించుకోకూడదు. ఇలాంటి మార్పుల్లో అధిక భాగం హానిలేనివని తర్వాత తేలుతుంటాయి. పరీక్షకు ముందూ తర్వాతా జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడటం మేలు.

జన్యు రిపోర్టు ఎలా ఉన్నా మూత్రంలో రక్తం కనిపిస్తే ఒకటే మాట. నొప్పి లేకుండా, ఒక్కసారే వచ్చి ఆగిపోయినా సరే, బార్లీ నీళ్లతోనో యాంటీబయాటిక్‌తోనో సరిపెట్టుకోకండి. ఆడవారిలో దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుని నెలలు గడిపేయడం వల్ల జబ్బు ముదిరాక బయటపడుతోంది. వెంటనే యూరాలజిస్టును కలవండి, అవసరమైతే సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి సన్నని కెమెరా పంపి చూసే పరీక్ష) చేయించుకోండి. పుట్టుకతో వచ్చిన జన్యువులను మార్చుకోలేం. బీడీ, సిగరెట్, చుట్టను మాత్రం ఈ రోజే మానేయవచ్చు.