భయానికి పాఠకులు ఎందుకు బారులు తీరారు?
యండమూరి వీరేంద్రనాథ్ నవలలు: ఒక పరిచయం

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పాఠకులకు ఈ పాఠంలోని మొదటి విషయం కొత్తగా చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పెద్దవాళ్లు 'చిల్లంగి' అంటారు. తెలంగాణ బంధువులు 'బాణామతి' అంటారు. ఒరియావాళ్లు 'డాహాణి' అని, బెంగాలీలు 'డైనీ' అని అంటారు. వీటిలో కొన్ని విద్య పేర్లు, కొన్ని ఆ విద్య తెలుసని జనం అనుమానించే మనిషి పేర్లు. మాటలు వేరైనా వాటి వెనక ఉన్న భయం ఒక్కటే. పుస్తకాలలో ఎక్కువగా కనిపించే తెలుగు మాట 'చేతబడి'. ఆ మాటను 1980 ప్రాంతంలో తెలుగునాట ప్రతి మధ్యతరగతి ఇంటికీ చేర్చిన రచయిత యండమూరి వీరేంద్రనాథ్. ఆయన ఎవరు, ఆయన నవలలు అంతగా ఎందుకు అమ్ముడుపోయాయి, వాటిని మనం ఎలా చదవాలి అనే మూడు విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా రచయిత జీవితం. యండమూరి 1948 నవంబరు 14న తూర్పు గోదావరి జిల్లా రాజోలులో పుట్టారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. రాష్ట్ర ఆర్థిక సంస్థలోనూ, తరవాత ఆంధ్రా బ్యాంకులోనూ ఉద్యోగం చేశారు. రాతలో ఆయన తొలి అడుగులు నాటకరంగంలో పడ్డాయి. 'రఘుపతి రాఘవ రాజారాం', 'కుక్క' వంటి నాటకాలతో పేరు తెచ్చుకున్నారు. నవలల మీద ఆదాయం స్థిరపడ్డాక ఉద్యోగం వదిలి పూర్తికాలం రచయిత అయ్యారు. తెలుగులో రచన మీదే బతకగలిగినవాళ్లు ఎప్పుడూ తక్కువే. అందువల్ల ఇది చిన్న విషయం కాదు.

లెక్కలు చదివిన చదువు, నాటకాల అనుభవం రెండూ ఆయన నవలలలో కనిపిస్తాయి. నాటకం రాసినవాడికి ఏ చోట తెర దించాలో తెలుస్తుంది. లెక్కలు చూసినవాడికి మనుషుల మధ్య డబ్బు ఏం చేస్తుందో తెలుస్తుంది.

ఇక ఆ కాలం ఎలాంటిదో చూద్దాం. 1970లలో తెలుగు వారపత్రికల సీరియల్స్‌ను ఏలినవారు యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటి రచయిత్రులు. ప్రేమ, పెళ్లి, కుటుంబం వారి కథావస్తువులు. టెలివిజన్ ఇంకా ఇంటింటికీ రాలేదు. రాత్రి భోజనాలయ్యాక వినోదమంటే రేడియో, లేకపోతే వారపత్రిక. ఒకరు కొన్న పత్రిక నాలుగిళ్లు తిరిగేది. అద్దె పుస్తకాల దుకాణాలు వీధికొకటి ఉండేవి. సరిగ్గా ఆ సమయంలో 'ఆంధ్రభూమి' వారపత్రికలో 'తులసిదళం' సీరియల్ వచ్చింది. తరవాత దానికి కొనసాగింపుగా 'తులసి' వచ్చింది.

'తులసిదళం' కథలో తులసి అనే చిన్న పాప ఉంటుంది. ఆ పాప పేరు మీద రాబోయే ఆస్తి ఉంటుంది. దానిమీద కన్నేసినవాళ్లు ఆ పాప ప్రాణం తీయడానికి ఒక మంత్రగాడిని ఆశ్రయిస్తారు. పాడుబడిన కోటలు, శ్మశానాలలో తిరిగే తెల్లచీరలు పాతకాలపు దెయ్యాల కథల సరుకు. ఈ నవలలో భయం ఒక ఉద్యోగి ఇంట్లోకి, పిల్ల పడుకున్న మంచం దగ్గరకు వచ్చింది. పాఠకుడు పత్రిక మూసి పక్కకు చూస్తే తన పాప కూడా అలాగే పడుకుని ఉంటుంది. ఈ నవల బలంలో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం కథ నడపడంలో ఉంది. ఇందులో మూడు పద్ధతులు గమనించండి.

మొదటిది, వారం వారం ఆపే చోటు. తలుపు తెరవబోయే ముందు కథ ఆగిపోతుంది. తలుపు వెనక ఏముందో ఏడు రోజులు పాఠకుడే ఊహించుకోవాలి. రచయిత రాయగలిగిన భయం కంటే పాఠకుడు ఊహించుకునే భయం ఎప్పుడూ పెద్దది.

రెండవది, జంట వివరణ. పాప జబ్బుకు ఒకవైపు వైద్యులు, హిప్నాటిజం తెలిసినవాళ్లు శాస్త్రం ప్రకారం కారణం వెతుకుతారు. మరోవైపు మంత్రానికి ప్రతిమంత్రం వేసేవాళ్లు తమ ప్రయత్నం తాము చేస్తారు. ఏది నిజమో తేల్చుకునే పని పాఠకుడికే మిగులుతుంది. దీనివల్ల నమ్మకం ఉన్నవాడూ, లేనివాడూ ఒకే పుస్తకాన్ని చివరి పేజీదాకా చదివారు.

మూడవది, వివరాల పొందిక. మందుల పేర్లు, వైద్య పరీక్షలు, చట్టం, డబ్బు లెక్కలు అన్నీ నిజమైనవాటిలాగా కనిపిస్తాయి. పది నిజాల మధ్య పెట్టిన ఒక కల్పన కూడా నిజంలాగే ధ్వనిస్తుంది.

ఇలాంటి మార్పు తెలుగులోనే రాలేదు. అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ రాసిన 'ది ఎక్సార్సిస్ట్' 1971లో వచ్చింది. అందులోనూ ఒక ఆడపిల్ల, ఒక తల్లి, వైద్యులు, చివరికి మతగురువులు. యండమూరి కంటే ఏడాది పెద్దవాడైన స్టీఫెన్ కింగ్ బడిపంతులుగా పనిచేస్తూ రాసిన 'క్యారీ' 1974లో అచ్చయింది. ఆ నవల మొదటి పేజీలను ఆయన చెత్తబుట్టలో పారేస్తే, భార్య టబితా తీసి చదివి పూర్తి చేయమన్నారు. బెంగాలీలో ఈ దారి ఇంకా పాతది. రవీంద్రుని 'క్షుధిత పాషాణ్', బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ్ సృష్టించిన తారానాథ్ తాంత్రిక్ కథలు అక్కడ ఇంటింటా తెలిసినవే. ఖరగ్‌పూర్ తెలుగువారికి ఉన్న సౌకర్యం ఏమిటంటే రెండు సాహిత్యాలూ చేతికందే దూరంలోనే ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి చూడండి. బిభూతిభూషణ్ కథలో తాంత్రికుడు తన అనుభవం చెబుతుంటే మనం ఎదురుగా కూర్చుని వింటాం. యండమూరి నవలలో ఆ ప్రమాదం మన ఇంటికే వస్తుంది.

సినిమాలు కూడా ఈ నవలలను వెంటనే అందుకున్నాయి. 'తులసిదళం' ఆధారంగా 1985లో కన్నడ చిత్రం వచ్చింది. 'తులసి' ఆధారంగా 1986లో తెలుగులో 'కాష్మోరా' వచ్చింది. ఆ నవల ద్వారా ప్రచారంలోకి వచ్చిన కాష్మోరా అనే మాట తెలుగు ఎల్లలు దాటి, 2016లో ఒక తమిళ చిత్రానికి పేరయింది. అయితే యండమూరి ఒక్క భయం దగ్గరే ఆగిపోలేదు. మరణశిక్ష మీద రాసిన 'అభిలాష' 1983లోనూ, 'డబ్బు టు ది పవరాఫ్ డబ్బు' ఆధారంగా 'ఛాలెంజ్' 1984లోనూ చిరంజీవి కథానాయకుడిగా సినిమాలయ్యాయి. 'వెన్నెల్లో ఆడపిల్ల', 'ఆనందోబ్రహ్మ', 'అంతర్ముఖం' వంటి నవలలలో భయం ఊసే లేదు. తరవాతి కాలంలో 'విజయానికి ఐదు మెట్లు' వంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో ఆయన మరో తరం పాఠకులను సంపాదించుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ నవలలు మేలు చేశాయా, కీడు చేశాయా? వచ్చిన కొత్తలోనే వీటికి 'క్షుద్ర సాహిత్యం' అనే పేరు పడింది. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయిదమ్ము' పేరుతో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. లేని శక్తులను ఉన్నట్టు చూపిస్తే చదివినవాళ్ల మూఢనమ్మకం బలపడుతుందనేది విమర్శకుల వాదన. కథను కథగా చదువుకునే తెలివి పాఠకుడికి ఉంటుందనేది అభిమానుల వాదన.

ఈ తగాదాను పుస్తకాల గొడవగా కొట్టిపారేయలేం. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషులను, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్లను, వితంతువులను కొట్టి చంపిన ఘటనలు మన దేశంలో నిజంగా జరిగాయి. అందుకే బీహారు 1999లో ప్రత్యేక చట్టం చేసింది. జార్ఖండ్ ఏర్పడ్డాక 2001లో దాన్నే స్వీకరించింది. ఒడిశా 2013లో తన చట్టం తెచ్చుకుంది. ఖరగ్‌పూర్ నుంచి చూస్తే ఈ రెండు రాష్ట్రాలూ దూరమేమీ కావు. మంత్రతంత్రాలతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది.

మరి ఏం చేయాలి? నవలను ఇంట్లోంచి బయట పారేయనక్కరలేదు. చదివేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. నవలలో మంత్రగాడు ఎవరో రచయితకు ముందే తెలుసు, ఎందుకంటే ఆయనే సృష్టించాడు. వీధిలో ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ పిల్లవాడికి జ్వరం వస్తుంది, ఎవరో ఒక ముసలామె వైపు వేలు చూపిస్తారు. నవలలో ఆ వేలు కథను నడుపుతుంది. వీధిలో అదే వేలు ఒక ప్రాణం తీస్తుంది. కాబట్టి జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అనుమానం వచ్చిన ఇంటికి ముందు మీరే అండగా నిలబడండి.

మరొక్క మాట. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారి కోరిక అది. హోదా ప్రభుత్వం ఇస్తుంది. భాష మిగలాలంటే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు తెలుగులో ఏదో ఒకటి ఆపకుండా చదవాలి. ఒకప్పుడు ఎందరి చేతనో అలా చదివించిన ఘనత, వాటిలోని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఈ నవలలకు ఉంది.

ఈ పాఠం చదివాక మీరు ఆలోచించవలసిన ప్రశ్నలు మూడు. మిమ్మల్ని ఎక్కువగా భయపెట్టిన కథలో భయం ఎక్కడ మొదలైంది? అందులో నిజమైన వివరాలు ఏవి, కల్పన ఏది? ఆ కథను పదేళ్ల పిల్లలకు చెప్పవలసివస్తే చివర మీరు ఏ మాట చేరుస్తారు? జవాబులు కాగితం మీద రాసుకుని, ఇంట్లోవాళ్లతో చర్చించండి.