పందెపు బాటపై పాత కారు: గృహిణి యెఱుగవలసిన విషయములు

మోటారు వేగముతో స్త్రీలకేమి పనియని కొందఱు తలంపవచ్చును. ఇంట యువకుడున్న ప్రతి తల్లికిని, భార్యకును అందు పని గలదని మా యభిప్రాయము. మా శ్రీ సిటీనే చూడుడు. సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో 2008లో వెలసిన యీ పారిశ్రామిక నగరమున 2016 నుండి ఇసుజు బండ్లు తయారగుచున్నవి. చెంతనున్న చిన్నపండూరులో అపోలో టైర్లు తయారగుచున్నవి. ఇచ్చట బండి యనునది కూడుపెట్టు వస్తువు. యువకులకు మోజు కూడ నైనది.

ఆ మోజును రాజమార్గములపై తీర్చుకొనువారు తమకును, దారిన పోవువారికిని మృత్యువును కొనితెచ్చుచున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 189వ సెక్షను అట్టి పందెములకు శిక్ష విధించుచున్నది. వేగమునకు వేఱు స్థలము గలదు. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు, తడనుండి చెన్నపట్టణము పోవు దారిలోని షోలవరమున, ద్వితీయ ప్రపంచ సంగ్రామము నాటి విమానముల బాటపై పూర్వము పందెములు నడపిరి. పిమ్మట శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల బాట 1990లో సిద్ధమైనది. పందెములు లేని కొన్ని దినములలో రుసుము చెల్లించి సొంత బండ్లను అట్టి బాటపై నడుపుకొనుటనే ‘ట్రాక్ డే’ యందురు. అచ్చట ఎదురుబండి రాదు, బాటసారి అడ్డుపడడు.

ఇందులకు ఖరీదైన బండి యక్కఱలేదు. ఋతుపర్ణుని రథమునకు నలుడు బలిసిన గుఱ్ఱములను విడిచి, కృశించినను సులక్షణములు గలవానినే యేరుకొనిన కథ మీరెఱిగినదే. 1983 డిసెంబరు మొదలు 2014 జనవరి వఱకు తయారైన మారుతి 800 అట్టిది. యింజను 796 సీసీలు మాత్రమే, దేహము తేలిక, విడిభాగములు చవుక. బరువు తక్కువగుటచే బ్రేకులును, టైర్లును తక్కువగ నరుగును. కొన్న ధరకంటె పోషణ వ్యయమే ప్రధానమని గుర్తింపవలయును.

పోషణలో మొదటిది బ్రేకు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. మిక్కిలి వేడెక్కినపుడు ఆ నీరు ఆవిరియై, పెడలు త్రొక్కినను బ్రేకు పట్టదు. కావున బాటకు పోవుటకు ముందే దానిని మార్పింపవలయును. బ్రేకు ప్యాడ్ల మందము, టైర్ల వయస్సు, వానిలోని గాలి, చక్రపు బోల్టుల బిగువు, యింజనాయిలు, కూలెంటు పరీక్షింపవలయును. స్టెప్నీ, జాకీ, నీళ్ళసీసాలు మున్నగు వానిని దింపివేయవలయును. హెల్మెటును, సీటు బెల్టును లేక బయలుదేరరాదు. కొన్ని చుట్లు వేగముగ తిరిగిన పిమ్మట, ఒక చుట్టు మెల్లగ త్రిప్పి బండిని చల్లార్పవలయును. నిలిపిన వెంటనే హ్యాండుబ్రేకు వేయరాదు. సైంధవవధ నాడు యుద్ధమధ్యమున శ్రీకృష్ణుడంతటివాడు గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములు పెఱికి, నీరు త్రాపెను గదా! వాహనమునకు విశ్రాంతి నిచ్చుట సారథ్యములో భాగము.

ఇక గృహిణి ముఖ్యముగ నెఱుగవలసినది ధనవిషయము. సాధారణ మోటారు బీమా పందెములకును, వేగపరీక్షలకును వర్తింపదు. ట్రాక్ డే సంగతి బీమావారిని వ్రాతమూలకముగ అడిగి తెలిసికొనుడు. కారు కొని 15 ఏండ్లు నిండినచో రిజిస్ట్రేషను పునరుద్ధరణ వ్యయమును గూడ లెక్కింపుడు. బాటపై బండి పాడైనచో నష్టము మనదే యని ముందే యెంచుట మేలు. కావున నగలు కుదువపెట్టియు, అప్పుచేసియు ఈ వేడుకకు దిగరాదు. ఆ బండి రేపు తుక్కైనను పొయ్యిలోని నిప్పు ఆఱదనిన యింటికే యిది తగును. రుసుము, పెట్రోలు, టైర్లు, బ్రేకులు, మెకానిక్కు కూలి అని పద్దుపుస్తకమున వేర్వేఱుగ వ్రాసినచో వేడుక వెల యెంతయో యింటివారికెల్ల తేటపడును.

మేమెఱిగిన యొక తల్లి తన కుమారునకు రెండే నియమములు పెట్టినది: బ్రేకులు చూపించిన రసీదు లేనిదే బాటకు పోరాదు, రాజమార్గమున ఎవ్వరితోడను పోటీపడరాదు. అతడు రెంటిని పాటించుచున్నాడు. వలదన్న మాట చాటున జరుగును. నియమముతో నిచ్చిన సెలవు కన్నులయెదుట జరుగును. మన యిండ్ల యువకులు క్షేమముగ తిరిగివచ్చుటకంటె మనకు కావలసినదేమున్నది?