షిఫ్టుల జీతంతో 29,000 పౌండ్లు చూపేదెలా?

బ్రిటన్ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉన్నవారు ఇండియాలోని భార్యను లేదా భర్తను పిలిపించుకోవాలంటే, ఏడాదికి కనీసం 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. 2012 జులై నుంచి 18,600గా ఉన్న ఈ పరిమితి 2024 ఏప్రిల్ 11న ఈ స్థాయికి పెరిగింది. హైదరాబాద్‌లో ఉన్న భాగస్వామికి ఎంత పెద్ద జీతం వస్తున్నా అది ఈ లెక్కలోకి రాదు. కేర్ హోముల్లో, గోదాముల్లో పని గంటలకు హామీ లేని జీరో అవర్స్ కాంట్రాక్టు మీద పనిచేసేవారికి అసలు దిగులు ఇక్కడే మొదలవుతుంది. అయితే ఆదాయం నెలకో తీరుగా ఉందని వీసా నిరాకరించరు. చూడాల్సింది దరఖాస్తు తేదీ.

ఆరు నెలల సగటు

ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు నిండితే, ఆ ఆరు నెలల స్థూల వేతనం సగటు తీసి 12తో గుణిస్తారు. స్థూల వేతనమంటే పన్ను కోతకు ముందు మొత్తం.

ఉదాహరణకు ఒకరికి వరుసగా 2,900, 1,700, 2,600, 2,300, 2,750, 2,450 పౌండ్లు వచ్చాయనుకుందాం. మొత్తం 14,700. సగటు 2,450, ఏడాదికి 29,400. గట్టెక్కినట్టే. మధ్యలో 1,700 వచ్చిన నెల ఉన్నా నష్టం లేదు. స్థిర జీతగాళ్లకైతే ఆరు నెలల్లో అతి తక్కువగా ఉన్న జీతం స్థాయినే లెక్కిస్తారు. గంటల లెక్కన పనిచేసేవారికి సగటు కలిసొస్తుంది.

అదే వ్యక్తి ఒక నెల ఆగారనుకోండి. మొదటి 2,900 జారిపోయి, కొత్తగా 2,600 చేరుతుంది. మొత్తం 14,400, ఏడాదికి 28,800. తక్కువైంది 200 పౌండ్లే. దాన్ని పొదుపుతో పూడ్చాలంటే 16,000కు తోడు, లోటుకు రెండున్నర రెట్లు కావాలి. అంటే 16,500 పౌండ్లు ఆరు నెలలుగా ఖాతాలో ఉండాలి.

ఉద్యోగం మారితే

కొత్త చోట ఆరు నెలలు నిండకపోతే రెండు పరీక్షలుంటాయి. ఇప్పటి ఆదాయం ఏడాది లెక్కన 29,000 ఉండాలి; గత 12 నెలల్లో నిజంగా అందిన జీతమూ అంతకు తగ్గకూడదు. స్వయం ఉపాధిలో ఉన్నవారికి ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు సాగే పన్ను సంవత్సరమే కొలమానం. చివరి ఏడాది చాలకపోతే గత రెండేళ్ల సగటు చూపొచ్చు. కానీ వారు లోటును పొదుపుతో పూడ్చుకోలేరు.

కాగితాలు

పే స్లిప్పులు, అదే కాలపు బ్యాంక్ స్టేట్‌మెంట్లు, యజమాని లేఖ కావాలి. పే స్లిప్‌లో చేతికొచ్చినట్టున్న మొత్తం బ్యాంకులోనూ కనిపించాలి. నగదుగా తీసుకున్న జీతాన్ని ఖర్చుపెట్టేస్తే దానికి రుజువు ఉండదు. ముందు ఖాతాలో వేయాలి. వీటిలో చివరిది దరఖాస్తు తేదీకి 28 రోజుల కంటే పాతది కాకూడదు.

కాబట్టి ప్రతి నెలా జీతం పడగానే చివరి ఆరు నెలల స్థూల వేతనం కూడి చూసుకోండి. 14,500 చేరిందంటే ఆలస్యం చేయకండి; వచ్చే నెల షిఫ్టులు తగ్గితే ఆ లెక్క మళ్లీ దొరకడానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేం.