ముల్లు కదలనప్పుడు

మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. ఆ తర్వాత ఐదు వారాలు తూకం ముల్లు కదల్లేదు. రోజూ నడిచినా, అన్నం సగం చేసినా అంతే. కోపం వచ్చి రాత్రి భోజనం మానేశాను. వారం తిరక్కుండానే హాస్టల్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డాను. పై గది అక్క లేపి మజ్జిగ తాగించింది.

అప్పుడు కూర్చుని చదివాను. మొదట్లో చకచకా తగ్గేదాంట్లో నీరు చాలా ఉంటుందట. ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్ గ్రాముకి దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. పైగా, తేలికైన ఒంటికి అదే నడకకి తక్కువ శక్తి చాలు. తిండి మరీ తగ్గిస్తే కండ కరుగుతుంది, ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి ముందు నీరు చేరితే ముల్లు పైకే పోవచ్చు.

ఇప్పుడు రాత్రి తింటున్నాను: రెండు దోసెలు, పప్పు, ఒక్కోరోజు గుడ్డు. సాయంత్రం బజ్జీ బదులు సుండల్. కండ నిలవడానికి వారంలో రెండుసార్లు గుంజీళ్ళు. తూకం వారానికొక్కసారే, నెలకోసారి నడుం కొలత. ముల్లు పెద్దగా కదల్లేదు గానీ, పాత చుడీదార్ వదులైంది.

నెలసరి తప్పుతున్నా, నీరసం వదలకపోయినా డాక్టరుకి చూపించుకోండి, థైరాయిడ్ కావచ్చు. భోజనం మాత్రం మానకండే!